బ్లీచ్ ద్రావణం: వాసన చూసి బలం లెక్కకట్టకండి

మీరు మూడు విషయాలు అడిగారు. ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పనికి ఎంత కలపాలి, ఏడాదిన్నర కిందట కొన్న సీసా ఘాటు వాసన కొడుతూనే ఉన్నా బట్టల మీద మరకలు ఎందుకు వదలడం లేదు. చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. దాని జవాబు తెలిస్తే తక్కిన రెండింటి చిక్కు చాలావరకు విడిపోతుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా తాగునీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేశాను. నీళ్లలో వేసిన క్లోరిన్‌లో ఇంకా ఎంత మిగిలి ఉందో కొలవడమే అక్కడ మా రోజువారీ పని.

ఆ కొలతలు నేర్పిన మొదటి పాఠం ఒకటే. బ్లీచ్ ఖర్చయిపోయే సరుకు. దానిలోని అసలు పదార్థం సోడియం హైపోక్లోరైట్. అది ఎదురైన ప్రతి దానితోనూ చర్య జరిపి చివరికి మామూలు ఉప్పుగా మిగిలిపోతుంది. మరక, మురికి, క్రిమి, మన చర్మం అన్న తేడా దానికి లేదు. ముందు ఏది తగిలితే దాని మీద తన బలమంతా పెట్టేస్తుంది. ఏదీ తగలకపోయినా సీసాలోనే మెల్లగా విరిగిపోతుంది. కొంత ఉప్పుగా, కొంత క్లోరేటు అనే వేరే లవణంగా మారుతుంది. ఇనుము, రాగి, నికెల్ వంటి లోహాల జాడ ఉంటే ఆక్సిజన్ వదులుతూ ఇంకా తొందరగా విరుగుతుంది. కొన్ని సీసాలు ఉబ్బడానికి, కొన్ని మూతలకు గాలి పోయే ఏర్పాటు ఉండడానికి కారణం ఆ ఆక్సిజనే. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలా విరిగిపోయే వేగం సుమారు మూడు నాలుగు రెట్లవుతుంది. వెలుతురు తగిలితే మరీ నష్టం. మీ సీసా కిటికీ పక్కన ఉందో, వేడి గదిలో ఉందో నాకు తెలియదు కానీ, ఏడాదిన్నర అంటే దానిలో సీసా మీద రాసిన బలం ఉండదని మాత్రం ధైర్యంగా చెప్పగలను. చల్లని చీకటి చోట ఉంచినా ఆరు నెలలు దాటిన సీసాను క్రిమిసంహారానికి నమ్ముకోకూడదు.

ఆ బలాన్ని ఎలా కొలుస్తామో చెబితే విషయం కళ్లకు కడుతుంది. సీసాలోంచి ఒక మిల్లీలీటరు తీసి, శుద్ధమైన నీటిలో కలిపి, అందులో పొటాషియం అయొడైడ్ పలుకులు వేసి, కొంచెం ఎసిటిక్ ఆమ్లం పోస్తాం. అంతవరకు నీళ్లలా ఉన్న ద్రావణం ఒక్కసారిగా ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. పనిచేసే క్లోరిన్ ఎంత ఉంటే దానికి సరిపడా అయొడిన్ బయటికి వస్తుంది, ఆ గోధుమ రంగు దానిదే. తరువాత బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం నుంచి, అయొడిన్ రంగును పోగొట్టే థయోసల్ఫేట్ ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతాం. రంగు పలచబడి లేత పసుపుకు దిగుతుంది. అప్పుడు స్టార్చ్ ద్రావణం కొద్దిగా వేస్తే ఫ్లాస్కంతా నీలం. ఇంకో చుక్క, ఇంకో చుక్క... ఉన్నట్టుండి ఒక చుక్కతో నీలమంతా మాయమై అడుగు తెల్లగా కనిపిస్తుంది. ఖర్చయిన థయోసల్ఫేటును బట్టి క్లోరిన్ లెక్క తేలుతుంది. పాత సీసాల నుంచి తీసిన నమూనాల్లో మొదటి గోధుమ రంగే సరిగా రాని రోజులున్నాయి. అవే సీసాలు మూత తీస్తే ముక్కు అదిరేలా వాసన కొట్టేవి.

అంటే వాసన కొలత కాదు. తాజా బ్లీచ్‌ను శుభ్రమైన నీళ్లలో కలిపితే వచ్చే వాసన చాలా తేలిక. ముక్కుపుటాలు మండించే ఆ ఘాటు ఎక్కువగా క్లోరమైన్లది. చెమట, మూత్రం, చర్మపు పొట్టు వంటి నత్రజని ఉన్న పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు అవి పుడతాయి. ఈత కొలనులో కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువ వేశారని జనం అనుకుంటారు. చాలాసార్లు అక్కడ జరిగింది వేరు. వేసిన క్లోరిన్ మురికి మీద ఖర్చయిపోయి, దాని అవశేషమే గాలిలో తేలుతోంది.

ఇక చరిత్ర. ఒకప్పుడు నార బట్టను తెల్లగా చేయడమంటే నెలల పని. ఐరోపాలో నేసిన గుడ్డను బూడిద క్షారంలో ఉడకబెట్టి, పచ్చిక మీద ఎండకు పరిచి, నీళ్లు చల్లుతూ, పులిసిన పాలలో నానబెట్టి, మళ్లీ మొదటి నుంచి అదే తంతు నడిపేవారు. వసంతంలో మొదలైతే శరత్తుకు గాని పూర్తయ్యేది కాదు. 1756లో ఫ్రాన్సిస్ హోమ్ అనే స్కాట్లండ్ వైద్యుడు పులిసిన పాలకు బదులు పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడవచ్చని చూపించాక ఆ ఒక్క అంచె కురచయింది. ఎండ, పచ్చిక మాత్రం అలాగే ఉన్నాయి.

1774లో స్వీడన్‌లో కార్ల్ విల్‌హెల్మ్ షీలే అనే ఔషధ వ్యాపారి మాంగనీసు ఖనిజాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేసి పసుపు పచ్చ వాయువును పట్టుకున్నాడు. అది తగిలిన ఆకులు, పువ్వులు రంగు కోల్పోవడం గమనించి రాసిపెట్టాడు. అది మూలకమని ఆయనకు తోచలేదు. 1810లో హంఫ్రీ డేవీ మూలకమని తేల్చి, గ్రీకులో పసుపు పచ్చను సూచించే మాట నుంచి క్లోరిన్ అని పేరుపెట్టాడు. ఈలోగా ఫ్రాన్స్‌లో క్లాడ్ లూయీ బెర్తొలే 1785లో ఆ వాయువుతో బట్టను తెల్లబరచవచ్చని చూపించాడు. వాయువుతో పనిచేయడం పనివాళ్ల ఊపిరితిత్తులకు చేటు. అందుకని దాన్ని పొటాష్ అనే క్షారపు ద్రావణంలోకి పంపి నీళ్లలో బంధించారు. పారిస్ దగ్గర సేన్ నది ఒడ్డున ఉన్న జావెల్ అనే చోట తయారైనందున దానికి జావెల్ నీరు అని పేరొచ్చింది. ఫ్రెంచి ఇళ్లలో బ్లీచ్‌ను ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తారు. ఆవిరి యంత్రంతో పేరుపొందిన జేమ్స్ వాట్ ఈ విద్యను బెర్తొలే దగ్గర చూసి స్కాట్లండ్‌కు తీసుకువెళ్లాడు. అక్కడ ఆయన మామగారు బట్టలు తెల్లబరిచే వ్యాపారంలో ఉండేవారు.

ఈ జావెల్ నీళ్లను పీపాల్లో మోయడం కష్టం, దారిలోనే బలం పోతుంది. ఆ చిక్కును 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్ విడదీశాడు. నీళ్లు చల్లితే పొడిగా విచ్చుకున్న సున్నం మీదికి క్లోరిన్ పంపి, ద్రవం బదులు పొడి తయారుచేసి పేటెంటు హక్కు పొందాడు. మన బ్లీచింగ్ పౌడర్, పాఠ్యపుస్తకాలు చెప్పే విరంజన చూర్ణం, అదే. నెలలు పట్టే పని రోజుల్లోకి వచ్చింది. గుడ్డలు పరిచిన పచ్చిక బయళ్లు మళ్లీ పొలాలయ్యాయి.

ఇంతవరకు ఇది రంగు తీసే కథే. క్రిములను చంపే కథ దుర్వాసన దగ్గర మొదలైంది, నాకు చాలా ఇష్టమైన భాగం అది. 1820 ప్రాంతంలో పారిస్‌లో జంతువుల పేగులతో తంత్రులు చేసే పనిశాలలు ఉండేవి. కుళ్లిన పేగుల కంపు భరించలేనిది. ఆ కంపు పోగొట్టే దారి చూపమని బహుమతి ప్రకటిస్తే ఆంత్వాన్ జెర్మాన్ లబరాక్ అనే ఔషధ నిపుణుడు క్లోరిన్ ద్రావణాలతో సాధించాడు. జావెల్ నీటిలోని పొటాష్‌కు బదులు ఆయన సోడా వాడాడు. ఇవాళ మీ సీసాలో ఉన్నది దాదాపు లబరాక్ ద్రావణమే. ఆయన దాన్ని శవాగారాలకు, ఆసుపత్రులకు, ఓడల అడుగు భాగాలకు కూడా సిఫారసు చేశాడు. క్రిముల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. కంపు పోతే రోగమూ పోతుందన్నదే నమ్మకం.

ఆ నమ్మకమే 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌ను సరైన పని వైపు నడిపించింది. వైద్యులు, వైద్య విద్యార్థులు శవపరీక్ష గదుల నుంచి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చేవారు. ఆ వార్డులో బాలింతలు కాన్పు తరువాత వచ్చే సూతికా జ్వరంతో చనిపోయేవారు. మంత్రసానులు చూసే వార్డులో మరణాలు చాలా తక్కువ. ఆయన స్నేహితుడు యాకోబ్ కొలెచ్కా శవపరీక్షలో కత్తి గాటు పడి అదే లక్షణాలతో చనిపోయాడు. చేతుల మీద మిగిలే శవపదార్థమే కారణమని సెమ్మెల్‌వైస్ ఊహించి, సబ్బుతో కడిగినా వదలని ఆ వాసనను పోగొట్టేది కాబట్టి క్లోరిన్ నీళ్లను ఎంచుకున్నాడు. తరువాత ఖర్చు తగ్గుతుందని బ్లీచింగ్ పౌడర్ నీళ్లకు మారాడు. ఏప్రిల్‌లో ప్రతి వందమంది తల్లుల్లో సుమారు 18 మంది చనిపోయిన వార్డులో వేసవి నాటికి ఆ సంఖ్య రెండుకు అటూ ఇటూగా దిగింది. ఆ అంకెలు ఎన్నిసార్లు చదివినా మనసు కదులుతుంది. ఆయన జీవించి ఉండగా తోటివారిలో ఎక్కువమంది నమ్మకపోవడం వైద్య చరిత్రలో పెద్ద విషాదం.

తాగునీటి కథ క్లుప్తంగా చెబుతాను. 1897లో ఇంగ్లండ్‌లోని మెయిడ్‌స్టోన్‌లో టైఫాయిడ్ చెలరేగినప్పుడు నీటి గొట్టాలను బ్లీచింగ్ పౌడర్ ద్రావణంతో శుద్ధిచేశారు. 1905లో లింకన్ పట్టణంలో అలెగ్జాండర్ హ్యూస్టన్ సరఫరా నీటిలో సోడియం హైపోక్లోరైట్‌ను నిరంతరం కలిపించాడు. 1908 సెప్టెంబరులో అమెరికాలోని జెర్సీ సిటీకి వెళ్లే నీటికి జాన్ లీల్ అనే వైద్యుడు క్లోరిన్ శుద్ధి మొదలుపెట్టాడు. ప్రజల నీళ్లలో విషం కలిపారన్న అభ్యంతరం కోర్టుకెక్కింది, చివరికి తీర్పు ఆయన పద్ధతి వైపే వచ్చింది. ఆ తరువాత ఆ పద్ధతి ఊరి నుంచి ఊరికి వేగంగా పాకింది. ఉప్పునీటిలోకి కరెంటు పంపి క్లోరిన్, కాస్టిక్ సోడా రెండింటినీ తీయడం అప్పటికే వచ్చింది. ఆ రెండింటినీ చల్లగా కలిపితే బ్లీచ్. 1913లో కాలిఫోర్నియాలోని ఓక్‌లండ్‌లో అలా మొదలైన చిన్న కర్మాగారమే క్లోరాక్స్‌గా ఎదిగింది. మొదట పరిశ్రమలకు గాఢంగా అమ్మి, కొన్నేళ్లకే ఇళ్ల కోసం పలచన చేసి సీసాల్లో పెట్టారు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే పదార్థం రెండు వైపులా నిలబడింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు శత్రువుల కందకాల మీదికి క్లోరిన్ వాయువును వదిలారు. అదే ఏడాది హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రవేత్త, అలెక్సిస్ కరెల్ అనే శస్త్రవైద్యుడు కుళ్లిన గాయాలను సుమారు అరశాతం హైపోక్లోరైట్‌తో కడిగి ఎందరో సైనికుల ప్రాణాలు, అవయవాలు కాపాడారు. గాయంలోకి రబ్బరు గొట్టాలు పెట్టి రెండు గంటలకొకసారి తాజా ద్రావణం పంపేవారు. ఎందుకు రెండు గంటలకొకసారి? గాయంలోని చీము, చచ్చిన కణజాలం ద్రావణాన్ని త్వరగా ఖర్చుచేసేస్తాయి కనుక. ఈ సంగతి చదివి సీసాలోని బ్లీచ్‌ను గాయం మీద పోయకండి. డేకిన్ ద్రావణం క్షారాన్ని తగ్గించి, బలాన్ని కొలిచి చేసినది. ఇంటి సీసాలోని క్షారం మాంసాన్ని కాలుస్తుంది. మరో విశేషం, మన తెల్ల రక్తకణాలు కూడా క్రిములను మింగాక లోపల, బ్లీచ్ నీళ్లలో కలిసినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లాన్నే తయారుచేసి వాటిని చంపుతాయి.

ఆ ఆమ్లం పేరు వచ్చింది కాబట్టి పలచన గురించి చెప్పవచ్చు. సీసాలోని బ్లీచ్ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, ఎంత పెరిగితే అంత క్షారం) 11 పైన ఉంటుంది, నిలవ ఉండాలంటే ఆ క్షారం తప్పనిసరి. అప్పుడు దాదాపు అంతా హైపోక్లోరైట్ అయాన్ రూపంలో ఉంటుంది. అది రుణ విద్యుదావేశం గల కణం, క్రిమి పైపొరను దాటడం కష్టం. నీళ్లలో కలిపితే పీహెచ్ దిగి, కొంత హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది. దీనికి ఆవేశం లేదు, సులువుగా లోపలికి చొరబడుతుంది, ఎన్నో రెట్లు చురుగ్గా చంపుతుంది. కాబట్టి నీళ్లు కలపకుండా పోస్తే బాగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. బట్ట చిరుగుతుంది, లోహం తినేస్తుంది, చేయి మండుతుంది, లాభం మాత్రం ఆ నిష్పత్తిలో పెరగదు.

లెక్క తేలిక. సీసా మీద ఉన్న శాతాన్ని మీకు కావలసిన శాతంతో భాగించి ఒకటి తీసేయండి. వచ్చినన్ని వంతుల నీళ్లు ఒక వంతు బ్లీచ్‌కు కలపాలి. సీసా 5 శాతం, మీకు కావలసింది 0.1 శాతం అయితే 49 వంతులు. అంటే లీటరుకు సుమారు 20 మిల్లీలీటర్లు. గచ్చు, తలుపు పిడులు, మరుగుదొడ్డి వంటి వాటికి ఇది చాలు. రక్తం, వాంతి, విరేచనం పడిన చోటికి అరశాతం కావాలి, అంటే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. నోరోవైరస్ వంటి వాంతుల వైరస్‌లకు ఆల్కహాల్ జెల్ సరిగా పనిచేయదు, అక్కడ బ్లీచ్ విలువ తెలుస్తుంది. ముందే కడిగిన వంటింటి పలకలకు, గిన్నెలకు చాలా పలచగా లీటరుకు 4 మిల్లీలీటర్లు వేసి, రెండు నిమిషాలు ఉంచి, గాలికి ఆరనిస్తే సరిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ అయితే, తాజా పొడిలో పనిచేసే క్లోరిన్ సుమారు మూడోవంతు ఉంటుంది కాబట్టి, లీటరుకు 3 గ్రాములు వేస్తే 0.1 శాతం వస్తుంది. ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తరువాత నీళ్లు పోసి, సున్నం అడుగున పేరుకున్నాక పైన ఉన్న తేటను వంచుకోండి. ఆ మడ్డి పనికిరాదు. కలపడానికి ప్లాస్టిక్ పాత్ర వాడండి, లోహం వద్దు. ఒకసారి నీళ్లలో కలిపిన ద్రావణం ఒక్క రోజుకే. మర్నాడు కొత్తది చేసుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. ముందు సబ్బు నీళ్లతో కడగండి, ఆ తరువాతే బ్లీచ్. నేను ఒకసారి ఒక ఆసుపత్రిలో గచ్చు తుడిచే బకెట్ నీళ్లను పరీక్షించాను. పొద్దున కలిపిన వెంటనే ముంచిన, క్లోరిన్ ఉంటే రంగు మారే కాగితపు పట్టీ ముదురు రంగుకు తిరిగింది. మూడు గదులు తుడిచాక లేత రంగు. ఐదో గది దగ్గర పట్టీ తెల్లగానే ఉండిపోయింది. బకెట్‌లో నురగ ఉంది, వాసన ఉంది, క్లోరిన్ లేదు. ఆ పనివాళ్లు నిజాయతీగా ప్రతి మూలా తుడుస్తున్నారు, ఒక గది మురికిని ఇంకో గదికి మోస్తున్నామని వాళ్లకు తెలియదు. ఆ రోజు నుంచి అక్కడ రెండు బకెట్లు పెట్టారు, ఒకటి సబ్బుకు, ఒకటి బ్లీచ్‌కు. రెండోదాన్ని తరచుగా మార్చారు. ఇంట్లోనూ అంతే. తుడిచిన చోటు కనీసం ఒక నిమిషం, వీలైతే పది నిమిషాలు తడిగా ఉండాలి. తడి గుడ్డతో ఒకసారి రాసి వెంటనే ఆరబెడితే క్రిమికి ఏమీ కాదు.

బట్టల విషయం. నూలు, నార తట్టుకుంటాయి. ఉన్ని, పట్టు తట్టుకోవు, ఎందుకంటే అవి ప్రోటీన్లు. ఒక ఉన్ని పోగును గాజు గ్లాసులో మామూలు బ్లీచ్‌లో వేసి చూడండి. ముందు పసుపెక్కి, చుట్టూ బుడగలు లేచి, మెత్తబడి, కాసేపటికి గ్లాసులో పోగు అనేదే ఉండదు. సాగే దారం కలిసిన బట్టలు, నైలాన్ పసుపెక్కి బలం కోల్పోతాయి. రంగు బట్టను లోపలి కుట్టు దగ్గర ఒక చుక్కతో పరీక్షించాకే దించండి. నూలుకు కూడా అతిగా పోస్తే పోగు లోపలే తెగి, పదేపదే చేస్తే చిల్లులు పడుతుంది. యంత్రంలో ఉతికేటప్పుడు డిటర్జెంట్ వేసిన కొన్ని నిమిషాల తరువాత బ్లీచ్ వేయాలి. డిటర్జెంట్‌లోని ఎంజైములు ముందు తమ పని చేయనివ్వండి, బ్లీచ్ తగిలితే అవి చచ్చిపోతాయి. తుప్పు మరక మీద మాత్రం బ్లీచ్ ఎన్నటికీ వద్దు. అది ఇనుమును ఇంకా ఆక్సీకరించి మరకను మరింత పాతుకుపోయేలా చేస్తుంది, దానికి ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న మందు వేరే ఉంది. మీరు వదలడం లేదన్న మరకలు గోధుమ రంగులో ఉంటే సీసాను నిందించే ముందు నీళ్లలో ఇనుము ఉందేమో చూడండి.

గోడల బూజు గురించి చాలామంది అడుగుతారు. పింగాణీ పలకల మీద, గాజు మీద బ్లీచ్ చక్కగా పనిచేస్తుంది. చెక్క, సున్నపు గోడ వంటి పీల్చుకునే వాటిలో నీళ్లు లోపలికి ఇంకుతాయి, హైపోక్లోరైట్ పైపైనే ఖర్చయిపోతుంది. రంగు పోయి గోడ శుభ్రంగా కనిపిస్తుంది, లోపలి వేరు తడి తాగి బతుకుతుంది, నెలలో బూజు తిరిగి వస్తుంది. అక్కడ తేమ కారణాన్ని వెతకాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద పది నిమిషాలకు మించి ఉంచకండి, సన్నని గుంటలు పడతాయి. అల్యూమినియం దగ్గరికే రానివ్వకండి.

తాగునీటికి అవసరం పడితే, వరదల్లాంటి వేళ మరిగించే వీలే లేనప్పుడు, సువాసన గాని ఇతర మందులు గాని కలపని 5 లేదా 6 శాతం బ్లీచ్‌ను తేట నీటికి లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగండి. నీళ్లు మసకగా ఉంటే ముందు వడకట్టి, చుక్కలు రెట్టింపు చేయండి. అరగంట తరువాత చిన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే అదే మోతాదు మళ్లీ వేసి పావుగంట ఆగాలి. వాసనను నమ్మవద్దని చెప్పి ఇక్కడ వాసన చూడమంటున్నానని అనుకోవద్దు. ఇక్కడ వెతుకుతున్నది బలాన్ని కాదు, మిగులును. వీలుంటే మరిగించడమే మేలు, క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవి ఈ మోతాదుకు లొంగదు.

చివరగా ప్రాణాపాయం. క్లోరిన్‌ను క్షారంలో బంధించి బ్లీచ్ చేశారని పైన చెప్పాను. ఆమ్లం కలిపితే ఆ బంధం విడిపోయి వాయువు తిరిగి బయటికి వస్తుంది. మరుగుదొడ్డి కడిగే ఆమ్లాలు, వెనిగర్, తుప్పు వదిలించే ద్రవాలు, వీటిలో ఏది కలిసినా అదే ఫలితం. అమ్మోనియా ఉన్నవాటితో క్లోరమైన్లు, ఆల్కహాల్‌తో క్లోరోఫాం వంటివి పుడతాయి. మా ప్రయోగశాలలో కొత్తగా చేరిన ఒక కుర్రవాడు మిగిలిన ఆమ్లాన్ని సింకులో పారబోశాడు. పది నిమిషాల ముందు వేరొకరు అదే సింకులో బ్లీచ్ పోసిన సంగతి అతనికి తెలియదు. సింకు రంధ్రం నుంచి లేత పసుపు పచ్చ పొగ లేచి, గచ్చు మీద పాకడం చూశాను. క్లోరిన్ గాలి కంటే బరువు, కిందికే దిగుతుంది. అందరం బయటికి పరుగుతీశాం. ఆ అబ్బాయి వారం రోజులు దగ్గుతూనే ఉన్నాడు. బ్లీచ్, ఆమ్లం ఒకే పాత్రలో కలపకపోతే చాలు అనుకోకండి. ఒకే గొట్టంలో, ఒకే కుండీలో, ఒకదాని వెనుక ఒకటి పోసినా అంతే. ఒకటి పోశాక ధారాళంగా నీళ్లు వదలండి. రెండోది వేరే రోజుకు పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఎప్పుడైనా పీలిస్తే వెంటనే గది వదిలి బయటి గాలిలోకి రండి. పాత్రను మూయడానికో, కడగడానికో లోపలికి మళ్లీ వెళ్లకండి. దగ్గు తగ్గినా ఆయాసం కొన్ని గంటల తరువాత రావచ్చు, కాబట్టి ఇబ్బంది మిగిలి ఉంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడుగుతూ ఉండి, తరువాత వైద్యుడికి చూపించండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, వెళ్లేటప్పుడు మండిన గొంతు వచ్చేటప్పుడు మళ్లీ మండుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చేతికి తగిలినప్పుడు వేళ్లు జారుడుగా అనిపిస్తే అది బ్లీచ్ నునుపు కాదు, క్షారం మీ చర్మంలోని కొవ్వును సబ్బుగా మారుస్తోంది. రబ్బరు తొడుగులు వేసుకోండి. నీళ్ల సీసాల్లో, పానీయాల సీసాల్లో బ్లీచ్‌ను ఎన్నడూ పోయకండి, పిల్లలు తాగేస్తారు.

మీ పాత సీసా గురించి. పారేయనక్కర్లేదు. మరుగుదొడ్డి గిన్నెకు, బయటి కాలువకు ఎక్కువ మోతాదులో వాడి ఖాళీ చేయండి, ఆ రోజు అక్కడ వేరే ఏ ద్రవమూ పోయకండి. కొత్త సీసా కొనేటప్పుడు తయారీ తేదీ, శాతం రెండూ చూసి, మీకు మూడు నెలల్లో అయిపోయే పరిమాణమే తీసుకోండి. సీసా మీద శాతం ఎంత ఉందో, మీరు ముఖ్యంగా దేనికి వాడాలనుకుంటున్నారో ఇక్కడ రాస్తే లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో లెక్కవేసి చెబుతాను.